నీడకు నిర్మాణం: చార్లెస్ కొరియా తొలి దశాబ్దపు ప్రజా, వాణిజ్య భవనాలు

భారతదేశపు ఆధునిక వాస్తుశిల్పాన్ని ఈ నేల ఎండకూ గాలికీ తగినట్లు మలచినవారిలో మొదటి వరుసలో నిలిచే చార్లెస్ కొరియా 1930 సెప్టెంబరు 1న సికింద్రాబాదులో జన్మించారు. గోవా మూలాలున్న కుటుంబం, బొంబాయి చదువు, అమెరికాలో ఉన్నత విద్య, 1958లో బొంబాయిలోనే సొంత కార్యాలయం, 2015 జూన్ 16న ఆ నగరంలోనే మరణం, ఇలా సాగిన జీవితంలో తెలంగాణకు దక్కిన వాటా చాలా చిన్నదిగానే కనిపిస్తుంది. ఆయన పేరు చెప్పగానే అహమ్మదాబాదులోని గాంధీ సంగ్రహాలయం, భోపాల్‌లోని భారత్ భవన్, జైపూర్‌లోని జవహర్ కళాకేంద్రం తలపుకు వస్తాయే తప్ప, హైదరాబాదు శివారులో 1965, 1968 సంవత్సరాల మధ్య ఆయన రూపొందించిన ఈసీఐఎల్ కార్యాలయం గుర్తుకు రాదు. ఆ కార్యాలయమే ఆయన తొలి దశాబ్దాన్ని అర్థం చేసుకోవడానికి కీలకమని, అంతకుముందు ప్రదర్శనశాలల్లోనూ స్మారక భవనంలోనూ ఆయన వెతుకుతూ వచ్చినది అక్కడే రోజువారీ ఉద్యోగపు అవసరాల ముందు పరీక్షకు నిలిచిందని ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది.

కొరియా 1949 నుంచి 1953 వరకు మిషిగన్ విశ్వవిద్యాలయంలోనూ, ఆ తర్వాత 1955 వరకు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోనూ చదువుకున్నారు. తక్కువ పదార్థంతో ఎక్కువ విస్తీర్ణాన్ని కప్పే మార్గాలను జీవితమంతా అన్వేషించిన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ప్రభావం ఆ రోజుల్లోనే ఆయనపై పడింది. ఆయన స్వదేశానికి తిరిగి వచ్చేనాటికి ఇక్కడ ఆధునిక వాస్తుశిల్పమంటే చండీగఢ్, చండీగఢ్ అంటే ఫ్రెంచి వాస్తుశిల్పి లె కార్బూసియే అన్నట్టుగా ఉండేది. ఎండ నేరుగా కిటికీలపై పడకుండా భవనం ముఖభాగమంతటా నిలువుగానూ అడ్డంగానూ కాంక్రీటు పలకలు నిలిపే పద్ధతిని కార్బూసియే ప్రచారంలోకి తెచ్చారు. అహమ్మదాబాదులో 1954లో పూర్తయిన మిల్లు యజమానుల సంఘ భవనం దానికి మంచి ఉదాహరణ. చూపుకు గంభీరంగా ఉండే ఆ పలకలకు ఒక లోపం ఉంది: పగలంతా వేడిని తాగి, సాయంత్రం గాలి చల్లబడే వేళకు అదే వేడిని గదుల వైపు వదులుతాయి. కార్బూసియేను గురువుగా భావించిన తరంలో పుట్టినప్పటికీ కొరియా ఈ లోపాన్ని తొందరగానే గుర్తించారు. ఎండను గోడ దగ్గర ఆపడం ఆలస్యమైన పని అనీ, కప్పు దగ్గరే, వీలైతే కప్పుకు కూడా పైనే ఆపాలనీ ఆయన తొలి పదేళ్ల పని చెబుతుంది.

హైదరాబాదు రాజ్యంలో అంతకుముందే మరో దారి ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ ప్రపంచమంతా తిరిగి విద్యాలయాలను పరిశీలించి వచ్చాక, బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన ఆర్ట్స్ కళాశాల 1939లో ప్రారంభమైంది. మందమైన రాతి గోడలూ, ఎత్తయిన కప్పులూ, లోతైన వరండాలూ కలిసి లోపలి గదులను చల్లగా ఉంచుతాయి. అయితే ఆ చల్లదనం వెనక ఒక సంస్థానపు ఖజానా ఉంది. జిల్లా కేంద్రంలో కట్టే ఆసుపత్రికో, పరిశ్రమ కార్యాలయానికో అంత రాయి, అంత పనితనం అందుబాటులో ఉండవు. ఆ కాలంలోనే హైదరాబాదు సొమ్ము పుదుచ్చేరిలో మరో ప్రయోగానికి కారణమైంది. అరవిందాశ్రమంలో ఆంటోనిన్ రేమండ్ రూపొందించిన గోల్కొండ వసతిగృహానికి నిజాం ప్రధాని సర్ అక్బర్ హైదరీ ద్వారా నిధులు అందాయి, ఆ పేరు కూడా అందుకే వచ్చింది. గోడకు బదులు తెరిచి మూయగల పలకలే వరుసలుగా ఉన్న ఆ కాంక్రీటు భవనం, గాలికి దారి ఇవ్వడం కూడా నిర్మాణమేనని 1940ల తొలినాళ్లకే నిరూపించింది.

కొరియా పనిని అంచనా వేయడానికి ముందు ఎండ లెక్క కొంత తెలియాలి, దానికి తెలంగాణలోని జనగామ కంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. ఈ పట్టణం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరొకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఈ రెంటి మధ్య కాలంలో మిట్టమధ్యాహ్నం ఉత్తరం వైపుకే కొద్దిగా వాలి ఉంటాడు. దీని ఫలితంగా ఎండాకాలంలో దక్షిణపు గోడ దాదాపు నీడలోనే ఉంటుంది, సజ్జా కొంచెం ఉన్నా చాలు. తూర్పు, పడమర గోడలపై పొద్దున్నే, సాయంత్రం ఎండ అడ్డంగా పడుతుంది కాబట్టి ఏ సజ్జా దాన్ని ఆపలేదు, నిలువు తెరలో మూసిన గోడలో కావాలి. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ కప్పుకే తగులుతుంది: మే నెల మధ్యాహ్నం ప్రతి చదరపు మీటరు స్లాబు మీదా సుమారు 900 నుంచి 1000 వాట్ల వేడి పడుతుంది. నాలుగున్నర, అయిదు అంగుళాల కాంక్రీటు స్లాబు ఆ వేడిని కొన్ని గంటల్లో లోపలికి దాటిస్తుంది, రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడిగాలినే తిప్పుతుండటానికి కారణం అదే. గూనపెంకు కప్పు, దాని కింద అటక ఉన్న పాత ఇంట్లో ఈ బాధ ఇంతగా ఉండదు. పెంకు వేడెక్కినా దానికీ మనిషికీ మధ్య గాలి ఉంటుంది, ఆ గాలి సందుల్లోంచి వెళ్లిపోతుంది.

1958లో ఢిల్లీ ప్రదర్శన మైదానంలో చేనేత వస్త్రాల కోసం కట్టిన మండపం కొరియా తొలి పనుల్లో ఒకటి. ఎండబెట్టిన మట్టి ఇటుకలతో కట్టి సున్నం వేసిన గోడల మధ్య, మెట్టుమెట్టుగా పైకెక్కి మళ్లీ దిగే అరుగుల మీదుగా సందర్శకులు నడుస్తారు. తలపైన చెక్క చట్రాలకు బిగించిన చేనేత గుడ్డలే గొడుగుల్లా కప్పుగా ఉంటాయి. ప్రదర్శించాల్సిన సరుకే ప్రదర్శనశాలకు కప్పు కావడం అందులోని చమత్కారం. పెళ్లిపందిట్లో చాందినీ కట్టే అలవాటున్న ఏ ఊరివారికైనా, కొడకండ్ల మగ్గాల దగ్గర పెరిగినవారికైనా దాని పొందిక వెంటనే అర్థమవుతుంది. కానీ అది కొద్దికాలపు కట్టడం, వానాకాలాన్ని చూడవలసిన పని దానికి లేదు. మెచ్చుకోలు సులువుగా దొరికే అవకాశమే అది.

సబర్మతి ఆశ్రమంలోని గాంధీ స్మారక సంగ్రహాలయం అలాంటిది కాదు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, స్వతంత్రంగా పని మొదలుపెట్టిన ఏడాదే, గాంధీజీ ఉత్తరాలనూ ఛాయాచిత్రాలనూ భద్రపరచే భవనం కొరియా చేతికి వచ్చింది. 1963 మే 10న ప్రధాని నెహ్రూ దాన్ని ప్రారంభించారు. గాంధీజీ నివసించిన హృదయకుంజ్ పక్కనే, ఆ చిన్న పెంకుటింటిని మించిపోకుండా, అలాగని దాన్ని అనుకరించకుండా కట్టడం అక్కడి సమస్య. కొరియా ఎంచుకున్న పరిష్కారంలో ముఖద్వారం లేదు, శిఖరం లేదు, ఎదురుగా నిలబడి ఫోటో తీసుకోవడానికి వీలైన ముఖభాగమూ లేదు. ఆరు మీటర్ల చదరంగా ఉండే ఒక గదిని కొలమానంగా తీసుకుని, అలాంటి 51 గదులను నేల మీద ముగ్గు గళ్లలా పరిచి, కొన్నింటికి నాలుగు గోడలు పెట్టి, కొన్నింటికి చెక్క పలకల కిటికీలు పెట్టి, మరికొన్నింటిని కప్పుతో మాత్రమే వదిలి, ఇంకొన్ని గళ్లలో కప్పు కూడా లేకుండా ఆకాశానికి విడిచిపెట్టారు. మధ్యలో నీటి కుండం ఉంది.

ఈ కట్టడాన్ని కొంచెం దగ్గరగా చూడటం అవసరం. ఇటుక స్తంభాల మీద కాంక్రీటు దూలాలు ఆనుతాయి. ఆ దూలాలు పైభాగంలో తొట్టిలా బోలుగా ఉంటాయి కాబట్టి, నాలుగు వైపులా వాలే పెంకు కప్పుల నుంచి జారిన వాననీరు వాటిలోకి చేరి, వాటి వెంటే బయటికి పోతుంది. అంటే బరువు మోసే దూలమే నీటి కాలువ కూడా. వేరే గొట్టాలు లేవు, దాచాల్సినదేదీ లేదు. పెంకుల కింద చెక్క పలకల లోకప్పు, కాళ్ల కింద రాతి బండలు. భవనం మొత్తంలో అద్దం అనేది లేదు. వెలుగైనా గాలైనా చేత్తో తిప్పే చెక్క పలకల సందుల నుంచే రావాలి. కాపలాదారు పొద్దున్నే ఎన్ని పలకలు తెరిచాడనే దాన్ని బట్టి లోపలి వెలుతురు మారుతుంది. పదార్థాలన్నీ గుజరాత్‌లోని ఏ తాలూకా మేస్త్రీకైనా తెలిసినవే. అపురూప ఆకారాల కోసం వెతకకుండా, తెలిసిన ఇటుకనూ పెంకునూ తీసుకుని వాటి అమరికలో మాత్రమే కొత్తదనాన్ని చూపడం, ఆ వయసు వాస్తుశిల్పిలో అరుదైన నిగ్రహం.

అమెరికాలో లూయీ కాన్ 1955లో ట్రెంటన్ దగ్గర కట్టిన చిన్న స్నానశాలలో కూడా ఇలాగే చదరపు గదులపై పిరమిడ్ కప్పులు కనిపిస్తాయి, దాని ప్రభావం సబర్మతి మీద ఉందని విమర్శకులు తరచూ చెబుతారు. ఆ మాటను కాదనవలసిన పని లేదు. అయితే కాన్ కట్టడం ఒక కేంద్రం చుట్టూ నాలుగు వైపులా సమంగా అమరి, అక్కడితో పూర్తయిపోతుంది. సబర్మతి సంగ్రహాలయం పూర్తి కాకుండా ఉండటానికే రూపొందింది. ఉత్తరాలు పెరిగితే మరో గడి, పుస్తకాలు పెరిగితే ఇంకో గడి చేర్చుకోవచ్చు. ఊళ్లో ఇల్లు పెరిగే తీరు అది. పెద్దకొడుకు పెళ్లయ్యాక భవంతి పక్కన ఒక గది, మరో పదేళ్లకు వెనక ఒక కొట్టం చేరుతాయి, ఎక్కడా ఇంటి రూపం చెడదు.

తెలంగాణ భవంతి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. నడిమింట్లో ఆకాశం కనిపించే విధంగా వదిలిన చోటు, దాని చుట్టూ నాలుగు వైపులా వసారాలు, మందమైన మట్టిగోడలు, డంగుసున్నపు గచ్చు, ఈ ఏర్పాటు ఎండకు చక్కని జవాబే. జనగామ ప్రాంతపు దొరల గడీలలో అది మరింత పెద్ద ఎత్తున కనిపిస్తుంది. కానీ ఆ చల్లని నీడ ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. గడీ లోపలి వసారా దొర కుటుంబానిది, పని మీద వచ్చిన రైతు నిలబడింది బయటి ఎండలో. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా సాగిన రైతుల మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనవసరం లేదు. గడీ ఎంత చల్లని భవనమైనా దాని ప్లానులో ప్రజలకు చోటు లేదు. కొరియా చేసినది పాత వసారాకు కాంక్రీటు నకలు తీయడం మాత్రమే అయితే దాని విలువ స్వల్పం. సబర్మతిలో టికెట్టు లేకుండా లోపలికి నడిచే ఏ మనిషైనా కూర్చోగల నీడగా దాన్ని మార్చడమే ఆయన చేసిన అసలైన పని.

ఆ తొలి ఏళ్లలోని మిగతా పనులను వేగంగా దాటవచ్చు. అహమ్మదాబాదులో కామా హోటల్, వల్లభ్ విద్యానగర్‌లో విశ్వవిద్యాలయ పరిపాలన భవనం ఆయన చేయి తిరుగుతున్న దశకు చెందినవి. అహమ్మదాబాదు నవరంగపురాలోని మునిసిపల్ స్టేడియంలో ప్రేక్షకుల తలపైకి స్తంభాలు లేకుండా ముందుకు సాగే మడతల కాంక్రీటు కప్పు ఉంది. దాని ఘనతలో సగానికి పైగా ఇంజనీరు మహేంద్ర రాజ్‌కు చెందుతుంది. కాగితాన్ని మడిస్తే దానికి నిలిచే బలం వచ్చినట్లే పలుచని కాంక్రీటు పలకను మడిస్తే దూలం అవసరం తగ్గుతుందన్నది ఆ పద్ధతికి మూలం. దేశంలో మొదటి అంతర్జాతీయ ఒకరోజు క్రికెట్ పోటీ 1981 నవంబరు 25న ఆ మైదానంలోనే జరిగింది.

1961లో ఢిల్లీ పారిశ్రామిక ప్రదర్శనలో హిందుస్థాన్ లీవర్ సంస్థ కోసం కట్టిన మండపానికీ మహేంద్ర రాజే ఇంజనీరు. నలిపి వదిలేసిన కాగితంలా క్రమం లేని మడతలతో, ఇనుప వలపై గొట్టంతో చిమ్మిన కాంక్రీటుతో దాన్ని కట్టారు. లోపల ఏటవాలు దారులు మెలికలు తిరుగుతూ ఎక్కి దిగుతాయి, కప్పులోంచి ఫిరంగుల్లా పొడుచుకొచ్చిన గొట్టాలు వేడిగాలిని బయటికి పంపుతాయి. సబ్బుల కంపెనీకి అది మంచి ప్రచారమే అయి ఉంటుంది. సబర్మతి నిగ్రహం తర్వాత అదే మనిషి ఇంత హంగామా చేయడం కొంత వింతగా తోస్తుంది, అయితే వాణిజ్య భవనం ఆయనకు ఇచ్చిన స్వేచ్ఛలో ఆయన నేర్చుకున్నది ఆకారం కాదు, గాలి పైకి పోయే దారి. ఆ కాలంలోనే గుజరాత్ గృహనిర్మాణ మండలి పోటీలో బహుమతి పొందిన ఆయన గొట్టపుటింట్లో ఇదే సూత్రం పేదవాడి ఇంటికి దిగి వచ్చింది. 3.65 మీటర్ల వెడల్పు, 18.2 మీటర్ల పొడవున్న సన్నని స్థలంలో ఏటవాలు కప్పు వెంట వేడిగాలి పైకెక్కి కొప్పు దగ్గరి సందులోంచి బయటపడుతుంది, ఖాళీ అయిన చోటికి కింది నుంచి కొత్తగాలి వస్తుంది. భవనాన్ని నిట్టనిలువునా కోసి చూపించే పటాన్ని సెక్షన్ అంటారు. చాలామంది వాస్తుశిల్పులు ముందు ప్లాను గీసి, తర్వాత ముఖభాగం గీసి, సెక్షన్‌ను మేస్త్రీ సౌకర్యం కోసం చివరికి గీస్తే, కొరియా సెక్షన్‌తో మొదలుపెట్టడం ఈ కాలం నుంచే అలవాటు చేసుకున్నారు.

ఇక హైదరాబాదు. భారత ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అందరి నోటా ఈసీఐఎల్, అణుశక్తి విభాగం కింద 1967 ఏప్రిల్ 11న ఏర్పడింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు దాని మూలపురుషుడు, ఈనాటికీ ఆయన పేరు మీదే ఏ.ఎస్. రావు నగర్ ఉంది. ట్రాంబేలో అణు పరిశోధనకు అవసరమైన పరికరాలను సొంతంగా తయారు చేసుకోవాలన్న పట్టుదల నుంచి పుట్టిన సంస్థ అది. కంపెనీగా నమోదు కావడానికి ముందే, 1965లోనే, దాని పరిపాలన భవనపు రూపకల్పన కొరియా చేతుల్లో మొదలైంది. జనగామ నుంచి సికింద్రాబాదు వెళ్లే రైలు చర్లపల్లి దాటి మౌలాలి చేరే దారిలో ఆ ప్రాంగణానికి కొద్ది దూరం నుంచే వెళుతుంది.

సంగ్రహాలయంలో సందర్శకుడు గంటసేపు ఉంటాడు, ప్రదర్శనశాలలో పది నిమిషాలు. కార్యాలయంలో గుమాస్తా పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒకే కుర్చీలో కూర్చుంటాడు. అతనికి వెలుతురు కావాలి, కాని బల్ల మీద ఎండ పడకూడదు. గాలి కావాలి, కాని కాగితాలు ఎగిరిపోకూడదు. పైగా సంస్థ ఎంత పెరుగుతుందో 1965లో ఎవరూ చెప్పలేని స్థితి. కొరియా ఇక్కడ సబర్మతి గడినే మళ్లీ తీసుకున్నారు, కానీ దాన్ని ఒకే కొలతకు కట్టిపడేయలేదు. వేర్వేరు కొలతల పనిగదుల సముదాయాలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా, నడుమ ఆకాశానికి తెరిచిన చోటు చుట్టూ అమరాయి. అడ్డంగా వచ్చే తూర్పు, పడమర ఎండను మూసిన గోడతోనూ నిలువు మరుగుతోనూ ఆపారు. వెలుతురు లోపలి ఆవరణ వైపు నుంచి వస్తుంది, నేరుగా ఎండ రూపంలో కాక, గోడల మీద పడి తిరిగి వచ్చిన మెత్తని కాంతిగా వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది కప్పు. స్లాబు మీద పలుచని నీటి పొరను నిలిపి, దానికి పైన కాంక్రీటు పందిరి వేశారు. స్లాబును నీడలో ఉంచే పని పందిరిది. నీడను దాటి వచ్చిన వేడిని కొంత వెనక్కి తిప్పి, కొంత ఆవిరై మోసుకుపోయే పని నీటిది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఎండాకాలపు మధ్యాహ్నం కుండలోని నీరు చల్లగా ఉండటం వెనక ఉన్నదీ ఇదే లెక్క. తెలంగాణ వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ పని చేసినంతగా బొంబాయి ఉక్కలో పని చేయదు. కొరియా తన సొంత నగరంలో కాక పుట్టిన గడ్డ మీద ఈ కప్పు వేయడంలో భావోద్వేగం కంటే గాలిలోని తేమ లెక్కే ఎక్కువ పాత్ర వహించి ఉంటుందని ఊహించడం తప్పు కాదు.

కార్యాలయాన్ని యంత్రాలతో చల్లబరచే స్తోమత అప్పటి ప్రభుత్వరంగానికి లేదు, అది నిజమే. అంతమాత్రాన ఈసీఐఎల్ భవనాన్ని పేదరికపు సర్దుబాటుగా చూడటం సరికాదు. సబర్మతిలో గోడ, కప్పు, ఖాళీ చోటు అనే మూడు స్థితులు మాత్రమే ఉన్నాయి. ఇక్కడ మూసిన గది, మరుగున్న వసారా, పందిరి కింది చోటు, పూర్తిగా తెరిచిన ఆవరణ అనే నాలుగు మెట్లు ఏర్పడ్డాయి, మనిషి పొద్దునా మధ్యాహ్నమూ సాయంత్రమూ వాటి మధ్య జరుగుతూ పని చేసుకోవచ్చు. కొరియా తర్వాతి కాలంలో ఎంతో ప్రసిద్ధి పొందిన ఆకాశపు ఆవరణలకు సాంకేతికమైన తొలి రూపం ఇదే. మరో విశేషం, ఇదే సంస్థ ఉద్యోగుల నివాసాలను 1968 తర్వాత రూపొందించినది బాలకృష్ణ దోషి. ఇరవయ్యో శతాబ్దపు భారతీయ వాస్తుశిల్పంలో ఇద్దరు ప్రధాన వ్యక్తులు ఒకే సంస్థకు, ఒకే పొలిమేరలో, దాదాపు ఒకే సమయంలో పని చేశారు. ఈసీఐఎల్ చౌరస్తాలో రోజూ బస్సు మారే వేలమందికి ఈ సంగతి తెలియకపోవడం విచారకరమే గాని ఆశ్చర్యకరం కాదు.

ఈ భవనానికి కూడా హద్దులున్నాయి. కప్పు మీది నీటి పొర కాగితం మీద అందంగా కనిపిస్తుంది గాని, అది రోజూ ఎవరో ఒకరు చూసుకోవలసిన ఏర్పాటు. స్లాబులో సన్నని పగులు వచ్చినా నీరు గదిలోకి దిగుతుంది, పాకుడు పడితే వెనక్కి తిప్పాల్సిన వేడిని కప్పే తాగుతుంది. అంతకన్నా మౌలికమైన అభ్యంతరం జనగామ వైపు నుంచి చూస్తే తడుతుంది. జీవనది లేని మెట్ట ప్రాంతం ఇది, దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చెరువుల్లోకి రాకముందు ఇక్కడ వేసవి అంటే అడుగంటిన బావి. ఎండ ఎక్కువగా ఉన్న రోజే నీరు తక్కువగా ఉంటుంది. అలాంటి చోట తాగే నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధి మీదుగా కార్యాలయపు కప్పుకు నీళ్లు ఎక్కించడం న్యాయం కాదు. కాబట్టి ఆ రెండు పొరల్లో ఇక్కడికి తగినది పందిరి మాత్రమే. దానికి నీరు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, చెడిపోయే యంత్రభాగం లేదు. స్లాబుకూ దానికీ మధ్య మనిషి ఎత్తు ఖాళీ వదిలితే వేడెక్కిన గాలి పక్కలకు పోతుంది, వానాకాలంలో ఆ చోటు బట్టలారేసుకోవడానికో భోజనానికో పనికొస్తుంది.

కొరియా తానే ఈ పాఠాన్ని ఎల్లప్పుడూ పాటించారని చెప్పలేము. ఢిల్లీ కన్నాట్ ప్లేస్ దగ్గర 1986లో పూర్తయిన జీవిత బీమా సంస్థ భవనం జీవన్ భారతిలో ఈసీఐఎల్ పందిరి మళ్లీ కనిపిస్తుంది, కానీ అక్కడ అది రెండు పెద్ద భవనాల మీదుగా సాగే అలంకారంగా మారి, కింద అద్దపు గోడలు ఉత్తర భారతపు ఎండకు ఎదురు నిలబడ్డాయి. నీడ ఇవ్వవలసిన పందిరి నగరానికి చూపించే ఆకారమైంది. ఆకారం మిగిలి పని పోవడం గొప్ప వాస్తుశిల్పుల మలిదశలో తరచూ జరిగేదే. భోపాల్ శాసనసభ, జైపూర్ కళాకేంద్రం లాంటి చోట్ల ఆయన మళ్లీ ఆవరణల దగ్గరకు వచ్చారు గాని, ఈసీఐఎల్‌లో ఉన్న పొదుపు తిరిగి రాలేదు.

2016 అక్టోబరులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలుగా ఏర్పడిన తర్వాత ఈ ప్రాంతంలో ప్రజాభవనాలు ఒక్కసారిగా లేచాయి. జనగామ సమీకృత కలెక్టరేటు 2022 ఫిబ్రవరిలో, మహబూబాబాద్‌ది 2023 జనవరిలో ప్రారంభమయ్యాయి. అన్ని శాఖలూ ఒకే చోట ఉండటం ప్రజలకు నిస్సందేహంగా మేలు. ఇంచుమించు ఒకే నమూనా అన్ని జిల్లాలకూ వెళ్లడంలో పని వేగమూ ఖర్చు అదుపూ ఉన్నాయి. అయితే గోదావరి తీరపు అడవికీ జనగామ మెట్టకూ ఎండ ఒకటే అయినా గాలి ఒకటి కాదు, సెక్షన్‌తో మొదలుపెట్టే వాస్తుశిల్పి ఈ తేడాను ముందు అడుగుతాడు. సోమవారం ప్రజావాణికి దరఖాస్తు పట్టుకుని పొద్దున్నే బస్సు దిగే ముసలి రైతు, పిలుపు వచ్చేదాకా ఎక్కడ కూర్చుంటాడన్నది ఏ కలెక్టరేటుకైనా ప్లానులో తేల్చవలసిన మొదటి ప్రశ్న. కార్యాలయపు గదులకు ఏసీ పెట్టవచ్చు. నిరీక్షించేవారి కోసం కావలసింది గాలి ఆడే వెడల్పాటి వసారా, దాని పక్కన ఒక ఆవరణ, ఆవరణలో వేప చెట్టు, తాగే నీళ్లు. సబర్మతిలోనూ ఈసీఐఎల్‌లోనూ కొరియా ఖరీదైన సామగ్రి లేకుండా సాధించినది సరిగ్గా అలాంటి చోటే.

ఆ తొలి దశాబ్దపు పనుల్లో మిగిలినవి తక్కువ. 1958, 1961 ప్రదర్శన మండపాలు ప్రదర్శనలతోపాటే పోయాయి, గొట్టపుటింటిని తర్వాత కూల్చివేశారు. ఢిల్లీ ప్రగతి మైదానంలో మహేంద్ర రాజ్ ఇంజనీరుగా, రాజ్ రెవాల్ వాస్తుశిల్పిగా 1972లో నిలిపిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో పడగొట్టినప్పుడు, ఆధునిక కట్టడాలకు చట్టపరమైన రక్షణ ఎంత బలహీనమో దేశమంతటికీ తెలిసింది. పురాతన కట్టడాలపై 1958లో వచ్చిన కేంద్ర చట్టం నూరేళ్లు నిండినవాటికే వర్తిస్తుంది, ఆ లెక్కన 1968 నాటి కార్యాలయం 2068 దాకా ఎదురు చూడాలి. కొరియా తన పటాలనూ పత్రాలనూ లండన్‌లోని బ్రిటిష్ వాస్తుశిల్పుల రాజసంస్థకు అప్పగించగా, 2013లో అక్కడ వాటితో పెద్ద ప్రదర్శన జరిగింది. ఈసీఐఎల్ ప్రాంగణం అణుశక్తి విభాగానిది, సంగ్రహాలయంలా ఎవరైనా వెళ్లి చూసే వీలున్న చోటు కాదు. వరంగల్లు, హైదరాబాదుల్లోని వాస్తుశిల్ప, ఇంజనీరింగు విద్యార్థులు అనుమతి తీసుకుని ఆ భవనాన్ని గదిగదినా కొలిచి, మే నెలలో స్లాబు పైనా కిందా ఉష్ణోగ్రత నమోదు చేసి, దాని సెక్షన్‌ను తెలుగులో వివరణతో ప్రచురించగలిగితే, జిల్లాల్లో భవనాలు గీసే ఇంజనీర్లకు అది నేరుగా పనికొచ్చే పుస్తకం అవుతుంది. ఆ పనికి కావలసినవి ఒక వేసవి, ఒక టేపు, కొన్ని ఉష్ణమాపకాలు, ఒక అనుమతి పత్రం.